గయ్యాళి నోరు విప్పింది

పోయినవారం టంకమ్మని పనిగదిలో, బోర్లా తిరగేసిన యంత్రం ముందు, చేతిలో స్క్రూడ్రైవరుతో నిలబెట్టేసి మన దారిన మనం పోయాం. పాపం, వారంగా అలాగే నిలబడి ఉంది. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. పాతవాళ్ళు ఈలోగా టీ పెట్టుకుని రండి.

టంకమ్మ అసలు పేరు అది కాదు. పొద్దస్తమానం సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని టంకం పెడుతూ ఉంటుంది కాబట్టి ఆ పేరు అలా అతుక్కుపోయింది. పాత సింథసైజర్లు బాగుచెయ్యడం ఆమె పని. సింథసైజర్ అనగానే ఇప్పటి పిల్లలకి ఫోనులో ఒక బొమ్మ గుర్తొస్తుంది. టంకమ్మ బల్ల మీదకి వచ్చేవి అవి కావు. మొదట్లో అవి బీరువాలంత ఉండేవి. ఒక గడిలోంచి ఇంకో గడిలోకి తీగలు గుచ్చితే గానీ కూత వచ్చేది కాదు. డెబ్బైలలో ఆ బీరువాని కుదించి, ముందు హార్మోనియంకి ఉన్నట్టు మెట్లు తగిలించి, ఒక మనిషి చంకన పెట్టుకుని పోయేంత చేశారు. ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. రెండు మెట్లు కలిపి నొక్కితే ఒకదాని మాటే వినేది. ఇక జ్ఞాపకం అంటారా, సున్నా. గంటసేపు నాబులన్నీ తిప్పి, తంటాలు పడి ఒక మంచి శబ్దం పట్టుకుంటే, ఏది ఎంత తిప్పామో చీటీ మీద రాసిపెట్టుకోవాల్సిందే. ఎవరైనా దుమ్ము దులుపుతూ చెయ్యి తగిలించారా, ఆ శబ్దం గోవిందా! ఎనభైలలో డిజిటల్‌వి వచ్చాయి. అన్నీ గుర్తుపెట్టుకుంటాయి, శ్రుతి తప్పవు, తేలిగ్గా ఉంటాయి. దాంతో జనం ఈ పాతవాటిని అటకెక్కించారు, కొందరు చెత్తలో పారేశారు. ఇప్పుడేమో "ఆ నిండుతనం వీటికి ఎక్కడొస్తుందండీ" అంటూ మళ్ళీ వాటి కోసమే ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నారు.

అలాంటిది ఒకటి టంకమ్మ వాళ్ళ నాన్న పనిచేసిన రికార్డింగ్ స్టూడియోలో ఉండేది. ఎండ తగిలితే ఒక శ్రుతి, ఫ్యాను వేస్తే ఇంకో శ్రుతి. అరగంట కాగితే గానీ దారికి రాదు. అందుకే దాన్ని అందరూ గయ్యాళి అనేవాళ్ళు. నాబుల కింద అక్షరాలు చెరిగిపోతే నాన్న తనకి తోచిన పేర్లు పెట్టాడు. శబ్దాన్ని మూసి తెరిచేది మూత. సన్నగా కీచుమనిపించేది ఏడుపు. హోరుమనేది వాన. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి గెంతకుండా జారుకుంటూ వెళ్ళేలా చేసేది జారుడు. వాయించేవాళ్ళ దగ్గర్నుంచి టేపులు మార్చేవాళ్ళ దాకా ఆ స్టూడియోలో అందరూ ఆ పేర్లతోనే మాట్లాడుకునేవాళ్ళు.

ఇరవై ఆరేళ్ళ కిందట, ఒక సెలవు రోజు సాయంత్రం, ఆ స్టూడియో తగలబడిపోయింది. మంట మొదలైంది నాన్న మరమ్మతులు చేసే గదిలో. ఆరోజు మధ్యాహ్నం అక్కడ పనిచేసింది ఆయనొక్కడే. "మేస్త్రీ ఐరన్ ఆపకుండా భోజనానికి పోయాడు, కొంప ముంచాడు" అని అందరూ తేల్చేశారు. నలభైమంది రోడ్డున పడ్డారు. వాళ్ళలో కొందరు వీధిలో ఎదురుపడి మొహం మీదే తిట్టారు. నాన్న మారు మాట్లాడలేదు. ఎందుకంటే ప్లగ్ ఊడదీశాడో లేదో ఆయనకే గుర్తులేదు. ఆ రోజు నుంచి ఐరన్ ముట్టుకోలేదు, మరమ్మతుల గది గడప తొక్కలేదు. కూతురు అదే పని నేర్చుకుంటానని పట్టుబడితే, గడప ఇవతల కుర్చీ వేసుకుని నోటితో చెప్తూ నేర్పాడు గానీ లోపలికి మాత్రం రాలేదు. ఇప్పటికీ రోజుకి మూడుసార్లు ఇంట్లో ప్లగ్గులన్నీ తడిమి చూసుకుంటాడు.

అప్పుడు ఆ ఇంటిని నిలబెట్టింది జింగిల్ మామయ్య. అమ్మకి స్వయానా తమ్ముడు. అదే స్టూడియోలో టేపులు మార్చేవాడు. స్టూడియో పోయిన కొన్నాళ్ళకే ఒక పళ్ళపొడి ప్రకటనకి ఆయన కట్టిన బాణీ జనం నోళ్ళలో నానిపోయి, జింగిల్స్‌లో తిరుగులేని మనిషైపోయాడు. టంకమ్మ చదువు, ఆమె మొదటి పనిముట్లు, అన్నీ మామయ్య చలవే.

పోయినవారం ఏమైందంటే, పాత వాయిద్యాలు పోగేసే పళ్ళ డాక్టరు ఒకాయన, నల్లరంగు పూసిన యంత్రం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎవరో పాతసామాన్లవాడి దగ్గర కొన్నాడట. నంబరు రేకు పీకేసి ఉంది. "అంతా బావుందమ్మా, ఈ ఒక్క నాబు మాత్రం పనిచెయ్యట్లేదు, ఎంత కుడికి తిప్పినా స్వరం జారదు" అన్నాడు. టంకమ్మ అడుగు విప్పింది. జారుడు నాబు వెనక, నాబుతోపాటు లోపల తిరిగే మూడు కాళ్ళ ముక్క, అదే పాట్, నీలంరంగుది కొత్తగా వేసి ఉంది. దాని కాళ్ళకి తీగని ముందు ఒక ముడి వేసి, తర్వాత టంకం పెట్టారు. అలా ముడి వేసి అతికేది ఈ లోకంలో ఇద్దరే. ఒకరు నాన్న, రెండోది తనే. కాకపోతే ఆ పాట్‌కి ఈ చివరి కాలికి వెళ్ళాల్సిన తీగ ఆ చివరి కాలికి వెళ్ళింది. అంటే అది పాడైపోలేదు, తిరగబడింది. కుడికి తిప్పితే తగ్గుతుంది, ఎడమకి తిప్పితే పెరుగుతుంది. నాన్న పాత పనుల పుస్తకం తీసి చూస్తే ఆఖరి పేజీలో, స్టూడియో కాలిన రోజు తేదీ కింద, నాన్న రాత: "గయ్యాళికి జారుడు పాట్ మార్చాను. నీలంది. ఇంకా వాయించి చూడలేదు."

బూడిదైపోయిందన్న గయ్యాళి టంకమ్మ బల్ల మీద బోర్లా పడుకుని ఉంది. అక్కడిదాకా వచ్చాం కదా. ఇక పదండి.

మూడు రోజులు టంకమ్మకి అన్నం సహించలేదు. గయ్యాళి కాలలేదంటే, మంట పుట్టకముందే ఎవరో దాన్ని గదిలోంచి తీసుకుపోయారు. తీసుకుపోయినవాళ్ళు ఆ గదిలో నాన్న తర్వాత అడుగుపెట్టారు. ఇరవై ఆరేళ్ళుగా నాన్న ఒక్కడే మోస్తున్న నింద వాళ్ళు వచ్చి నోరు విప్పితే దిగిపోతుంది. ఎవరు వాళ్ళు? స్టూడియోలో పనిచేసిన ఒక్కొక్కరినీ గుర్తుచేసుకుంది. గయ్యాళిని వాయించే ముసలాయన ఒకాయన ఉండేవాడు, ఆయన పోయాడు. యజమాని పోయాడు. మిగిలినవాళ్ళలో గయ్యాళి మీద చెయ్యి ఆడించడం తెలిసినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టి, ఒక వేలు దగ్గర ఆగిపోయింది. ఆగి, తన చెంప తనే వాయించుకున్నంత పని చేసింది. 'ఛ, మామయ్యేమిటి! ఆయన ఆరోజు ఊళ్ళోనే లేడు.'

అనుమానం ఒకసారి లోపలికి వచ్చాక మర్యాదగా వెళ్ళిపోతుందా? శుక్రవారం పొద్దున్నే ఫోను తీసి, "మామయ్యా, ఒక పాతది వచ్చింది. శ్రుతి సరిగ్గా పట్టానో లేదో నీ చెవితో ఒకసారి విని చెప్పవా?" అంది.

"నీ మొహం, నీ చెవి కంటే నా చెవి గొప్పదా? సరే, పదకొండింటికి వస్తాలే," అన్నాడు మామయ్య.

చెప్పిన టైముకే వచ్చాడు. గుమ్మంలోనే చెప్పులు విడుస్తూ, "ఏమే అమ్మడూ, ఈ గదిలో ఈ టంకం వాసనకి నువ్వు పెళ్ళికొడుకుల్ని కూడా అతికించేసుకునేలా ఉన్నావే" అని నవ్వాడు. ఎప్పుడూ వేసే జోకే. టంకమ్మ ఎప్పటిలాగే నవ్వబోయింది గానీ నవ్వు సగంలో ఆగిపోయింది.

గయ్యాళిని బల్ల మీద నిలబెట్టి ఉంచింది. స్విచ్ వేసింది. "అరగంట కాగాలి మామయ్యా. కూర్చో."

మామయ్య కూర్చున్నాడు. బల్ల పక్కన ఉన్న స్టూలు మీద కాదు, కిటికీ పక్కన ఉన్న కుర్చీలో. టంకమ్మ కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తూనే ఉంది. ఈ గదికి ఏ పాత వాయిద్యం వచ్చినా మామయ్య చేసే మొదటి పని దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చెయ్యడం. రెండో పని, "ఎక్కడిదే ఇది? ఎవరిది?" అని చంపుకు తినడం. ఆ రంగంలో ఉన్నవాళ్ళెవరైనా అంతే. ఇవాళ మామయ్య ఆ రెండూ చెయ్యలేదు. కిటికీలోంచి వీధిలో ఎవరో సైకిలుకి గాలి కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చున్నాడు.

అమ్మ టీ తెచ్చింది. "తమ్ముడూ, షుగరు తగ్గించా, మళ్ళీ మొహం ముడుచుకోకు" అని కప్పు చేతికిచ్చి వెళ్ళిపోయింది.

"అచ్చం మన గయ్యాళిలా ఉంది కదా?" అంది టంకమ్మ, ఏదో మాటవరసకి అన్నట్టు.

"ఏది? ఓ, ఇదా," మామయ్య అప్పుడే చూసినట్టు చూశాడు. "ఆ కంపెనీవి అన్నీ ఇలాగే ఉంటాయమ్మా. మనది చెక్కరంగు కదా. ఇది నలుపు."

"రంగుదేముంది, ఎవడైనా పూస్తాడు."

"పూస్తాడనుకో. మనది కాలి బూడిదైపోయిందిగా."

"బూడిద నువ్వు చూశావా మామయ్యా?"

"ఏం చూస్తాంలే తల్లీ. నేను పొరుగూళ్ళో ఉన్నా. మర్నాడొచ్చేసరికి గదంతా బొగ్గు. అందులో ఏది ఏమిటో ఎవడికి తెలుస్తుంది?" టీ ఊదుకుని తాగాడు. షుగరు తక్కువైందని మొహం కూడా ముడుచుకున్నాడు. టంకమ్మకి కాస్త ఊపిరి వచ్చింది. 'లేదు, ఈయన కాదు. నాకే పిచ్చి పట్టింది.' అంతలోనే ఇంకో ఆలోచన: 'మరి ఎక్కడిదని ఎందుకు అడగడు?'

ఈ రెండింటి మధ్య ఊగుతూ అరగంట గడిపింది పాపం. మధ్యలో రెండుసార్లు మామయ్య లేవబోయాడు, పనుందని. రెండుసార్లూ "ఇంకో పది నిమిషాలు మామయ్యా" అని కూర్చోబెట్టింది. చిన్నప్పుడు జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకున్న మనిషిని ఇప్పుడు బోనులో ఎలుకని కాపలా కాసినట్టు కాస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా కాసింది. గోడ అవతల నాన్న ప్లగ్గులు తడుముకుంటూ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది మరి.

"కాగింది," అంది చివరికి. "రా, వాయించు."

మామయ్య స్టూలు మీదకి వచ్చి కూర్చున్నాడు. రెండు మూడు మెట్లు నొక్కాడు. గయ్యాళి పలికింది. గదిలో బల్లలూ గోడలూ ఏమీ మిగల్లేదు, ఆ లావుపాటి గొంతు ఒక్కటే ఉంది. మామయ్య కళ్ళు మూసుకున్నాడు. "బావుంది. శ్రుతి సరిగ్గా ఉంది," అన్నాడు.

"నీ పళ్ళపొడి జింగిల్ వాయించవా? ఇలాంటిదాని మీద విని చాలా రోజులైంది."

"ఇప్పుడెందుకే అది."

"నా కోసం."

టంకమ్మ ఊరికే అడగలేదు. జారుడు నాబుని ముందే సరిగ్గా మధ్యలో పెట్టి ఉంచింది. ఆ జింగిల్ అంతా జారుడు మీదే నడుస్తుంది. "మె...రి...సే" అనే చోట స్వరం కింద నుంచి పైకి మెల్లగా జారుకుంటూ పోతుంది. దానికి జారుడు బాగా పెంచాలి. పెంచాలంటే ఎవరైనా కుడికే తిప్పుతారు. పళ్ళ డాక్టరు కుడికి తిప్పి పాడైపోయిందన్నాడు. మొదటిరోజు టంకమ్మా కుడికే తిప్పింది. ఏ నాబు అయినా పెరిగేది కుడికేనని ఈ పని చేసేవాళ్ళకి ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది.

మామయ్య కుడిచెయ్యి మెట్ల మీదే ఉంది. ఎడమచెయ్యి పైకి వెళ్ళింది. చూడకుండానే జారుడు నాబు పట్టుకుంది. పట్టుకుని ఎడమకి తిప్పింది, ఆ చివరిదాకా.

"మె...రి...సే..." స్వరం తియ్యగా, పొడుగ్గా, పైకి జారుకుంటూ వెళ్ళిపోయింది.

టంకమ్మ బల్ల అంచు పట్టుకుంది. మామయ్య ఇంకా కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. ఆయన మొహంలో ఎంత సుఖం ఉందంటే, ఆపమనడానికి ఆమెకి నోరు రాలేదు. రెండోసారి "మెరిసే" దాకా వచ్చాక అంది:

"మామయ్యా, జారుడు ఎటు తిప్పావు?"

వాయించడం ఆగింది.

"ఎటు తిప్పావు?"

మామయ్య తన ఎడమచెయ్యి వంక చూసుకున్నాడు. అది ఇంకా నాబు మీదే ఉంది. కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు. "అదేదో... అలవాటుగా..."

"ఏ అలవాటు? ఏ సింథసైజర్ మీద ఎడమకి తిప్పితే జారుడు పెరుగుతుంది?"

"ఏమో అమ్మడూ, చెయ్యి అలా పోయింది..."

"నీళ్ళు నమలకు మామయ్యా!" టంకమ్మ గొంతు తనకి తెలియకుండానే పెరిగింది. "ఇది తిరగబడిందని నాన్నకే తెలీదు. ఆరోజు మధ్యాహ్నం హడావుడిగా అతికాడు, వాయించి కూడా చూడలేదు, పుస్తకంలో రాసుకున్నాడు. తాళం వేసి భోజనానికి వచ్చాడు. సాయంత్రానికి అంతా కాలిపోయింది. అంటే ఇది తిరగబడిందని తెలియాలంటే, నాన్న అతికిన తర్వాత దీని మీద వాయించినవాళ్ళకే తెలియాలి. ఒకసారి వాయించినవాళ్ళకి కాదు. చూడకుండా చెయ్యి అటే పోయేంత అలవాటైనవాళ్ళకి. ఎన్నేళ్ళు వాయించావు మామయ్యా దీన్ని?"

మామయ్య మొహం పాలిపోయింది. తర్వాత స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే చిన్నగా అయిపోయి, "పదకొండేళ్ళు," అన్నాడు.

టంకమ్మ అరుస్తాననుకుంది. అరవకుండా, కిటికీ పక్క కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఆ పళ్ళపొడివాళ్ళు ఏదైనా కొత్త శబ్దం వినిపించమన్నారు. యజమానిని అడిగితే, టేపులు మార్చేవాడివి టేపులు మార్చుకో అన్నాడు. సెలవురోజు కదా, ఒక్కరోజు తీసుకుపోయి పొరుగూళ్ళో స్నేహితుడి ఇంట్లో రికార్డు చేసుకుని, పొద్దున్నే తెచ్చి పెట్టేద్దామనుకున్నా. ఒట్టు అమ్మడూ, పొద్దున్నే తెచ్చేద్దామనుకున్నా. రాత్రి ఫోనొచ్చింది, స్టూడియో కాలిపోయిందని. ఇంక ఎలా తేను? తెస్తే దొంగతనమే కాదు, మంట కూడా నేనే పెట్టానంటారు. ఒక గోడౌన్‌లో పెట్టా. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయించుకునేవాణ్ణి. తర్వాత అదీ మానేశా. ఈ మధ్య ఆ గోడౌన్ ఖాళీ చెయ్యమన్నారు. పగలగొట్టేద్దామని సుత్తి కూడా తీసుకెళ్ళా. చెయ్యి రాలేదు. రంగు పూసి పాతసామాన్లవాడికి పడేశా. తిరిగి తిరిగి నీ బల్ల మీదకే వస్తుందని నాకేం తెలుసు?"

"మంట?"

"నాకు తెలీదు. నీ మీద ఒట్టు, నాకు తెలీదు."

"నా మీద ఒట్లు పెట్టకు," అంది టంకమ్మ. "నువ్వు గదిలోకి వెళ్ళావు కదా. ఐరన్ చూశావా?"

మామయ్య తల వంచుకున్నాడు.

"చూశావా మామయ్యా?"

"బల్ల మీద గయ్యాళికి అడ్డంగా ఉంది. చేత్తో తీసి పక్కన పెట్టా." ఆగి, ఊపిరి పీల్చుకున్నాడు. "ప్లగ్ ఊడదీసి ఉంది. తీగ చక్కగా చుట్టి పెట్టి ఉంది. ఐరన్ చల్లగా ఉంది."

టంకమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. "చల్లగా ఉందని నీకు తెలుసు! ఇరవై ఆరేళ్ళు తెలుసు! ఆ పిచ్చిమనిషి రోజుకి మూడుసార్లు గోడలు తడుముకుంటూ తిరుగుతుంటే, ఇదే ఇంట్లో, ఆయన పక్కనే కూర్చుని భోంచేశావు కదా మామయ్యా! ముద్ద ఎలా దిగింది నీకు? నా చదువు, నా పనిముట్లు, అన్నీ అందుకేనా? అవన్నీ నోరు మూసుకున్నందుకు నువ్వు కట్టుకున్న ముడుపులా?"

"అమ్మడూ, అలా అనకే. నువ్వంటే నాకు..."

"వెళ్ళి నాన్నకి చెప్పు. ఇప్పుడే. ఈ గోడ అవతలే ఉన్నాడు."

"చంపెయ్, అంతేగానీ బావ మొహం చూసి చెప్పమనకు." మామయ్య నిజంగానే చేతులు జోడించాడు. జుట్టు నెరిసిన మనిషి, ఊరంతా పాడుకునే బాణీ కట్టిన మనిషి, మేనకోడలికి చేతులు జోడించి కూర్చుంటే టంకమ్మకి చూడబుద్ధి కాలేదు. మొహం తిప్పుకుంది. తిప్పుకున్న చోట నాన్న ఉన్నాడు.

గడప మీద నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు. గయ్యాళి గొంతు వినపడితే ఆయన ఏ గదిలో ఉన్నా రాకుండా ఉంటాడని వీళ్ళిద్దరూ ఎలా అనుకున్నారో మనకి తెలీదు. మొహంలో కోపం లేదు. ఏమీ లేదు. ఒక కాలు గడప దాటించాడు. తర్వాత రెండోది. ఇరవై ఆరేళ్ళకి మరమ్మతుల గదిలోకి వచ్చి, గయ్యాళిని దాటుకుని, నేరుగా మామయ్య దగ్గరికి వెళ్ళాడు.

"ఏమోయ్, చల్లగా ఉందా?"

మామయ్య లేచి నిలబడ్డాడు. "బావా..."

"ఐరన్ చల్లగా ఉందా అని అడుగుతున్నా."

"ఉంది బావా."

"ముట్టుకున్నావా? నిజంగా ముట్టుకుని చూశావా?"

"ముట్టుకున్నాను బావా."

"ఏ చేత్తో?"

మామయ్య కుడిచెయ్యి చాపాడు. నాన్న ఆ అరచేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, అందులో ఏదో రాసి ఉన్నట్టు చూశాడు. "ఊడదీశానన్నమాట," అన్నాడు. "ఊడదీశానే పిచ్చిపిల్లా! తీగ కూడా చుట్టానట, విన్నావా?" అని టంకమ్మ వైపు తిరిగి, చిన్నపిల్లాడిలా భోరున ఏడ్చాడు. టంకమ్మ వెళ్ళి ఆయన్ని పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టింది. తనూ ఏడుస్తోంది. మామయ్య ఎక్కడ నిలబడాలో తెలియక కిటికీ దగ్గరికి పోయాడు.

కాసేపటికి నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, చెయ్యి దానంతటదే గయ్యాళి మీదకి వెళ్ళింది. జారుడు కుడికీ ఎడమకీ తిప్పి, ఒక మెట్టు నొక్కి విన్నాడు. "తిరగేసి అతికానా? ఛీ ఛీ. ఎవరికీ చెప్పకండి," అన్నాడు. ఏడుపులోనే ముగ్గురికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులో టంకమ్మ గుండెల మీద నుంచి పెద్ద బరువు దిగిపోయింది. మామయ్యని ఏం చెయ్యాలో, క్షమించాలో వద్దో, అదంతా తర్వాత చూసుకోవచ్చు. నాన్న నిర్దోషి. ఈ మాట ఇవాళే ఆ నలభై ఇళ్ళకీ తిరిగి చెప్తుంది.

నాన్న మాత్రం నవ్వడం ఆపేశాడు. పనిచేసేటప్పుడు ఎక్కడో తీగ తెగిందని అనుమానం వస్తే ఆయన నుదుటి మీద ఒక గీత పడేది. ఆ గీత పడింది.

"అవునోయ్, గదికి నేను తాళం వేసి వచ్చాను కదా. నువ్వు లోపలికి ఎలా వెళ్ళావు?"

మామయ్య వీధిలోకే చూస్తూ ఉండిపోయాడు.

"దానికి ఉన్నది ఒక్కటే తాళంచెవి. అది నా చొక్కా జేబులో ఉంది. చొక్కా ఇంట్లో మేకుకి తగిలించి, భోంచేసి, ఓ కునుకు తీశాను. లేచి చూసుకుంటే చెవి జేబులోనే ఉంది. నువ్వా, ఆరోజు మా ఇంటి ఛాయలకే రాలేదు." నాన్న గొంతు మెల్లగా ఉంది. "చెవి నీకు ఎవరిచ్చారు?"

"వదిలెయ్ బావా. నన్ను కొట్టు, పోలీసులకి పట్టించు. అది మాత్రం అడక్కు."

"ఎవరిచ్చారు మామయ్యా?" అంది టంకమ్మ. అడిగేశాక, అడగకుండా ఉండాల్సిందని అనిపించింది. ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళు ఇద్దరే. ఒకరు నిద్రపోతున్నారు.

ఖాళీ టీ కప్పుల కోసం వచ్చిన అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కప్పులు తియ్యలేదు. గయ్యాళి వంక చూడలేదు, తమ్ముడి వంక చూడలేదు. నాన్న కళ్ళలోకి సూటిగా చూసింది.

"నేనే ఇచ్చానండీ," అంది. "వాణ్ణి వదిలెయ్యండి. వాడు వెళ్ళిపోయాక ఆ గదికి తాళం వేసింది కూడా నేనే."